స్ప్రింగ్‌ఫీల్డ్ దారిలో రెండో కుర్చీ గొడవ

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి కారులో మూడు గంటలు పడుతుంది, ట్రాఫిక్ దయ తలిస్తే. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు బాస్కెట్‌బాల్ కనిపెట్టింది ఆ ఊళ్లోనే. ఆటలో గొప్పవాళ్లని గౌరవించడానికి ఆయన పేరు మీద కట్టిన హాల్ ఆఫ్ ఫేమ్ కూడా అక్కడే ఉంది. చూపించమని మా మేనల్లుడు చాలాకాలంగా బావ ప్రాణం తీస్తున్నాడు. నేను అమెరికా వెళ్లేసరికి వాడికి ఇంకో ఓటు దొరికింది. అక్క మాత్రం పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా కారులో పెట్టి, "మీ బంతులు మీరే చూసుకోండి" అని ఇంట్లో ఉండిపోయింది.

టర్న్‌పైక్ ఎక్కగానే బావ షరతు పెట్టాడు. "అందరిలోకీ గొప్పోడు ఎవడు అన్న గొడవ కారులో వద్దు. వీడు లెబ్రాన్ అంటాడు, నాకు బీపీ వస్తుంది. షూటింగ్ గార్డుల వరకే మాట్లాడుకుందాం."

ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట. బంతిని నడిపించి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసుకునేవాడు పాయింట్ గార్డ్. అతని పక్కన ఉంటూ ముఖ్యంగా పాయింట్లు కొట్టాల్సినవాడు షూటింగ్ గార్డ్. కాగితం మీద ఇంతే. మైదానంలో ఈ గీత ఎప్పుడూ చెరిగిపోతూనే ఉంటుంది. మా గొడవ సగం ఆ గీత దగ్గరే జరిగింది.

షూటింగ్ గార్డుల్లో మొదటి కుర్చీ ఎవరిదన్న దాని గురించి మాట్లాడటానికి ఏమీ లేదు. మైకేల్ జోర్డాన్. ఆరు ఫైనల్స్, ఆరు టైటిళ్లు, ఆరుసార్లూ ఫైనల్స్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు. పది సీజన్లలో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి టాప్ స్కోరర్. 1987-88లో అయితే ఒకే ఏడాది ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, టాప్ స్కోరర్ మూడూ అతనే. అయినా బావ ఊరుకోడు కదా. 1998 జూన్‌లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచి, సౌండ్ తగ్గించి, యూటాతో ఫైనల్స్ ఆరో మ్యాచ్ చూసిన కథ మొత్తం చెప్పాడు. యూటా ఆటగాడు మాలోన్ చేతిలో బంతి కొట్టేయడం, కాపలా కాస్తున్న బ్రయాన్ రసెల్ జారడం, 5.2 సెకన్లు ఉండగా షాట్ పడటం, 87-86. స్టీరింగ్ వదిలేసి ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచి చూపించబోతే, "నాన్నా, రోడ్డు!" అని వెనక సీట్లోంచి అరుపు.

మెడోలాండ్స్ దాటుతుంటే ఎడమవైపు స్టేడియాలు కనిపించాయి. ఒకప్పుడు న్యూజెర్సీ నెట్స్ జట్టు ఆడింది అక్కడి అరీనాలోనే. డ్రాజెన్ పెట్రోవిచ్ పేరెత్తాను. మేనల్లుడు ఆ పేరే ఎప్పుడూ వినలేదు. క్రొయేషియా నుంచి వచ్చినవాడు. పోర్ట్‌లాండ్‌లో బెంచీ మీద కూర్చోబెడితే నెట్స్‌కి వచ్చి, 1992-93 సీజన్‌లో సగటున మ్యాచ్‌కి 22.3 పాయింట్లు కొట్టాడు. ఆ జూన్‌లోనే జర్మనీలో కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు. ఇంకో ఆరేడేళ్లు ఆడి ఉంటే మా లిస్టులో ఎక్కడుండేవాడో. యూరప్‌వాళ్లు ఎన్‌బీఏలో బతకలేరన్న మాటకి ఆరోజుల్లోనే జవాబు చెప్పినవాళ్లలో అతనొకడు.

మెరిట్ పార్క్‌వే మీద రెండువైపులా చెట్లే. అక్కడ మేనల్లుడు బాంబు వేశాడు. "రెండో ప్లేస్ జేమ్స్ హార్డెన్‌ది."

బావ ఒంటికాలి మీద లేచాడు. ఆయన లెక్కలో ఆ కుర్చీ లేకర్స్ జట్టు కోబీ బ్రయాంట్‌ది. "వాడు బుట్టలోకి వేస్తాడా, రెఫరీ విజిల్‌కోసం వేస్తాడా? ఫౌల్‌కి దొరికే ఫ్రీ త్రోల గీత దగ్గర గుడారం వేసుకున్నవాడు గ్రేట్ ఏంట్రా!"

పిల్లాడు తగ్గలేదు. ఫోన్ తీశాడు. 2018-19లో హార్డెన్ సగటు 36.1. జోర్డాన్ తర్వాత ఏ గార్డూ ఒక సీజన్‌లో అంత కొట్టలేదు. కోబీ కెరీర్ మొత్తంలో వేసిన షాట్లలో పడినవి నూటికి నలభై అయిదు కూడా లేవు. చివరి మ్యాచ్‌లో 60 కొట్టాడని అందరూ ఏడుస్తారు, ఆ 60కి యాభై షాట్లు వేశాడని ఎవరూ చెప్పరు. ఇదీ వాడి వాదన. హైస్కూల్ జట్టులో ఆడే పిల్లాడు కాబట్టి యాభై షాట్లు అంటే ఏమిటో వాడికి ఒళ్లు నొప్పుల లెక్కలో తెలుసు.

బావ అప్పుడు 2010 ఫైనల్స్ ఏడో మ్యాచ్ బయటికి తీశాడు. బోస్టన్‌తో. కోబీకి ఆ రోజు 24 షాట్లలో ఆరే పడ్డాయి. అయినా పడకుండా తిరిగొచ్చిన బంతులు, అదే రీబౌండ్లు, 15 లాక్కున్నాడు, కప్పు కొట్టాడు. "షాట్ పడని రోజున ఏం చేస్తాడన్నదే ఆటగాడి లెక్క. నీ ఫోన్లో అది ఉండదు" అన్నాడు. ఇందులో న్యాయం ఉంది. కానీ వాడు చెప్పిన లెక్కా తప్పు కాదు. బావకి అది మింగుడుపడలేదంతే.

హార్ట్‌ఫర్డ్ దగ్గర కాసేపు సంధి కుదిరింది, రే అలెన్ పుణ్యమా అని. అతను చదివిన కనెక్టికట్ యూనివర్సిటీ ఆ చుట్టుపక్కలే. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో అలెన్ ఆడే మయామీ మూడు పాయింట్లు వెనకుంది. వెనక్కి వెనక్కి నడుస్తూ మూలకి చేరి, కిందకి చూడకుండానే దూరపు గీత బయట కాళ్లు పెట్టి త్రీ, అంటే మూడు పాయింట్ల షాట్, కొట్టాడు. గడియారంలో మిగిలింది 5.2 సెకన్లు. జోర్డాన్ యూటా షాట్‌కి మిగిలినన్నే! ఇది చెప్పింది మేనల్లుడే, బావ మొహం వెలిగిపోయింది.

హాల్ ఆఫ్ ఫేమ్ ఊళ్లోకి వెళ్లకముందే హైవే మీద నుంచి కనిపిస్తుంది. కనెక్టికట్ నది ఒడ్డున పెద్ద గుండ్రటి గోపురం. 1968లో స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో మొదలై, ఇప్పుడున్న చోటికి 2002లో వచ్చింది. లోపల గోపురం కింద నిజమైన కోర్టు వేశారు. ఎవరైనా దిగి బంతి వేసుకోవచ్చు. పైన చుట్టూ హాల్‌లో చేరినవాళ్ల మొహాలు, ఏ ఏడాది చేరినవాళ్లు ఆ ఏడాది వరసలో. ఎవరు ఒకటో నంబరు, ఎవరు రెండో నంబరు అన్న ముక్క ఎక్కడా లేదు. మేం మూడు గంటలు కొట్టుకున్న విషయానికి ఆ గోడ మీద చోటే లేదు.

వరసలు చూస్తూ తిరుగుతుంటే కొన్ని చిత్రాలు తడతాయి. 2004లో చేరిన క్లైడ్ డ్రెక్స్‌లర్ దగ్గర నేను చాలాసేపు ఆగాను. 1984 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, పోర్ట్‌లాండ్ రెండో ఎంపికగా జోర్డాన్‌ని తీసుకోలేదు. మా దగ్గర ఆ స్థానంలో డ్రెక్స్‌లర్ ఉన్నాడు కదా, మాకు కావలసింది పొడుగువాడు అనుకుని శామ్ బౌవీని తీసుకున్నారు. 1992 ఫైనల్స్‌లో అదే డ్రెక్స్‌లర్ ఎదురుగా జోర్డాన్ మొదటి మ్యాచ్ మొదటి సగంలోనే ఆరు త్రీలు, 35 పాయింట్లు కొట్టి, నాకూ తెలీదు ఎలా పడుతున్నాయో అన్నట్టు భుజాలు ఎగరేశాడు. డ్రెక్స్‌లర్ ఏ పాపం చేశాడు? ఇంకో కాలంలో పుడితే రెండో కుర్చీకి గట్టి పోటీదారు.

నా మనసులో ఉన్న పేరు మాత్రం 1980 వరసలో ఉంది. జెర్రీ వెస్ట్. ఎన్‌బీఏ లోగోలో డ్రిబ్లింగ్ చేస్తున్న తెల్లటి ఆకారం ఆయనదే అని అందరికీ తెలుసు, లీగ్ మాత్రం ఒప్పుకోదు. ఆటగాడిగా ఒకసారి, 1960 ఒలింపిక్ జట్టుతో 2010లో ఒకసారి, జట్లు కట్టినవాడిగా 2024లో ఇంకోసారి, మొత్తం మూడుసార్లు ఈ హాల్‌లో చేరాడు. మూడోసారి చేరేనాటికి మనిషి లేడు. ఆ జూన్‌లోనే పోయాడు.

"మామయ్యా, వెస్ట్ తొమ్మిది ఫైనల్స్‌లో ఎనిమిది ఓడిపోయాడు" అన్నాడు మేనల్లుడు.

నిజమే. కాని ఎవరి చేతిలో ఓడాడు? ఆరుసార్లు బిల్ రసెల్ ఉన్న బోస్టన్ చేతిలో. 1969లో ఏడో మ్యాచ్‌లో వెస్ట్ 42 పాయింట్లు, 13 రీబౌండ్లు, 12 అసిస్టులు (బుట్ట పడేలా అందించిన పాస్‌లు) చేశాడు, కాలి నొప్పితో కుంటుతూ. ఆయన జట్టు లేకర్స్ రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఫైనల్స్ ఎంవీపీ బహుమతి ఇవ్వడం మొదలెట్టిన ఏడాది అదే, దాన్ని వెస్ట్‌కే ఇచ్చారు. ఓడిన జట్టులోంచి ఆ బహుమతి అందుకున్నవాడు ఇప్పటికీ ఆయనొక్కడే. కెరీర్ సగటు 27. అదీ త్రీ పాయింట్ గీత లేని రోజుల్లో. ఆ గీత ఎన్‌బీఏలోకి వచ్చింది 1979లో, ఆయన ఆట మానేసిన అయిదేళ్లకి. అంత దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు. స్టీల్స్ లెక్కపెట్టడం మొదలెట్టింది ఆయన చివరి సీజన్‌లో. అంటే ఆయన బంతులు కొట్టేయడంలో ఎంత మొనగాడో చెప్పే అంకె ఒక్క ఏడాదిదే మిగిలింది.

నాకు అసలు చిరాకు ఇంకోటి. ఇవాళ షూటింగ్ గార్డ్ అనగానే మన కళ్లముందు జోర్డాన్ నిలబడతాడు. ఆరున్నర అడుగులు, గాల్లో వేలాడటం, వెనక్కి వాలి వేసే ఫేడ్‌అవే. ఆ పోతలో పోసినట్టు ఉన్నవాడికే మార్కులు. కోబీ ఆ అచ్చుని కావాలని తెచ్చుకున్నాడు, నడక దగ్గర్నుంచి ఆడుతూ నాలుక బయటపెట్టడం దాకా. అందుకే రెండో కుర్చీ అతనికి సులువుగా దొరుకుతుంది. వెస్ట్ జోర్డాన్‌లా ఉండడు. ఉండాల్సిన పనేముంది? ఆయన ముందు పుట్టాడు. ఇంకో తమాషా ఏమిటంటే, 1996లో డ్రాఫ్ట్‌లో పదమూడో ఎంపికగా షార్లెట్‌కి పోయిన కుర్రాడు కోబీని, వ్లాడే డివాచ్‌ని ఇచ్చేసి మరీ లేకర్స్‌కి తెచ్చింది ఈ వెస్టే.

"ఆయన పాయింట్ గార్డ్ కదరా" అన్నాడు బావ, తప్పించుకోవడానికి. అలా అంటే రెండు స్థానాల్లోనూ ఆడిన ఐవర్సన్‌నీ తీసేయాలి, హార్డెన్‌నీ తీసేయాలి. మేనల్లుడు హార్డెన్ పోతాడనేసరికి నా పక్షాన చేరాడు.

కింద కోర్టులో బంతుల చప్పుడు గోపురం దాకా లేచి మళ్లీ కిందికి వస్తుంటుంది. బావ మోకాలికి పట్టీ బిగించుకుని, జీన్స్‌తోనే ఫేడ్‌అవే ప్రయత్నించాడు. బంతి రింగుకి చాలా ముందే కింద పడింది. పక్కన ఏడెనిమిదేళ్ల పాప దాన్ని తీసి, ఎంతో మర్యాదగా ఆయన చేతికి ఇచ్చింది. నేను అసలు దిగలేదు.

తర్వాత ఊళ్లోకి, మేసన్ స్క్వేర్ వైపు వెళ్లాం. మొదటి ఆట ఆడిన వైఎంసీఏ స్కూల్ జిమ్ స్టేట్ స్ట్రీట్, షెర్మన్ స్ట్రీట్ కలిసే చోట ఉండేది. భవనం ఎప్పుడో పోయింది, ఆ చోట ఒక స్మారకం నిలబెట్టారు. చలికాలంలో నాలుగు గోడల మధ్య కుర్రాళ్లని ఆడించడానికి నైస్మిత్ పదమూడు రూల్స్ రాశాడు. వాచ్‌మన్‌ని పెట్టెలడిగితే పీచ్ పళ్ల బుట్టలు తెచ్చాడు, వాటినే బాల్కనీ రెయిలింగ్‌కి కొట్టారు. ఆ రెయిలింగ్ పది అడుగుల ఎత్తులో ఉండటంవల్ల ఇవాళ్టికీ రింగు పది అడుగులే. జట్టుకి తొమ్మిది మంది ఆడారు, స్కోరు 1-0. పడిన ఆ ఒక్క బుట్టా విలియం చేజ్ అనే కుర్రాడు సుమారు 25 అడుగుల నుంచి వేసింది. ఇప్పటి త్రీ పాయింట్ గీత 23 అడుగుల 9 అంగుళాలు. "చూశారా, ఆటలో మొట్టమొదటి బుట్ట షూటింగ్ గార్డ్ వేసిందే" అన్నాను. ఈ మాటకి మాత్రం ముగ్గురం ఏకమయ్యాం.

బావ చిన్నప్పుడు ఆడింది నారాయణగూడ వైఎంసీఏ కోర్టులో. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైన హ్యారీ బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. దక్షిణాదిలో ఎందరో పీఈటీ మాస్టార్లకి విద్య అక్కడిదే. ఈ మాట చెబితే బావ ఫుట్‌పాత్ మీద నిలబడి స్మారకానికి నాలుగు ఫోటోలు ఎక్కువ తీసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో పులిహోర డబ్బా ఖాళీ అయ్యాక ఓటింగ్ పెట్టాం. మొదటి కుర్చీ ఏకగ్రీవం. రెండోది కోబీకి పోయింది, రెండుకొకటి. మేనల్లుడు హార్డెన్‌కి మూడో స్థానమైనా దక్కుతుందన్న ఆశతో నా చెయ్యి వదిలేసి తండ్రి వైపు దూకాడు. మూడో కుర్చీకి నేను వెస్ట్ అన్నాను, వాడు హార్డెన్ అన్నాడు, బావ డ్వేన్ వేడ్ అన్నాడు. 2006 ఫైనల్స్, డాలస్‌తో రెండు మ్యాచ్‌లు ఓడిన జట్టుని ఒంటిచేత్తో లేపి నాలుగు వరసగా గెలిపించాడు, సగటు 34.7, ఇంకేం కావాలి అని గొంతు పెంచాడు.

వెనక సీట్లో ఫోన్ వెలుగు కనిపించింది. "నాన్నా, ఆ ఆరు మ్యాచ్‌లలో వేడ్ ఎన్ని ఫ్రీ త్రోలు వేశాడో తెలుసా? తొంభై ఏడు."

బావ ఇండికేటర్ వేసి, టోల్ కోసం లైన్ మారాడు.