మిద్దె మీదే వనభోజనాలు
ఈ కార్తీకంలో మా మిద్దెతోట బ్యాచ్ అంతా ఒక ఆదివారం కలుద్దామనుకున్నాం, వనభోజనాలే గానీ వనం మా డాబా మీదే, కుండీలో ఉసిరి మొక్క కూడా ఉంది, ఇంకేం కావాలి! షరతు ఒక్కటే, తెచ్చే వంటలో ఒక్కటైనా మీ తోటలో కాసింది ఉండాలి. గ్రూపులో అడగ్గానే అందరూ పులిహోరే అన్నారు. అలా కుదరదండీ. ముందు చెప్పినవాళ్లకే పులిహోర, మిగతావాళ్లు గోంగూర పచ్చడి, బీరకాయ పప్పు, వంకాయ కూర పంచుకోండి. కొందరు ఈ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు కాబట్టి వేసినవాళ్లు గిన్నె మీద చీటీ అంటించండి. పెరుగన్నం తెచ్చేవాళ్లు మాత్రం మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, కొంచెం తోడు వేసి తెస్తే మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా ఉంటుంది. విస్తరాకులు నేను తెస్తా, తిన్నాక అవన్నీ నా కంపోస్టు డబ్బాలోకే (అసలు స్వార్థం అదే). విత్తనాలు మార్చుకోవడం భోజనాలయ్యాకే, లేకపోతే వడ్డించడానికి ఒక్కరూ మిగలరు.