బోర్ల లెక్క మా చేతికి వచ్చేదాకా: నా అనుభవం

మా రాయలసీమ పల్లెల్లో రబీకి ఏ పైరు పెట్టాలో బోరే తేలుస్తుంది. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలియక వరి నాటి, వెన్ను తీసే వేళకు మడి ఎండబెట్టుకున్న రైతులు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. అందుకే మా మండలంలోని ఫిజోమీటర్ల లెక్కలు తెప్పించే పని రైతు సంఘం తరఫున నేను ఎత్తుకున్నాను. నీళ్లు తోడడానికి కాకుండా మట్టం కొలవడానికే ప్రభుత్వం వేయించిన బోరును ఫిజోమీటర్ అంటారు.

ఆన్‌లైన్‌లో మండల సగటు దొరికింది. అది ఎందుకూ పనికిరాలేదు. చెరువు కింది బోరునూ గుట్ట పక్క బోరునూ కలిపి తీసిన సగటు ఏ రైతు పొలానికీ సరిపోదు.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి భూగర్భ జల శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. ‘భూగర్భ జలాల వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే ఏదో ఒక కాగితం పంపి చేతులు దులుపుకుంటారు. అందుకే ఫిజోమీటర్ ఏ ఊళ్లో ఉంది, దాని లోతెంత, గత పదేళ్లలో నెలనెలా మట్టం ఎంత అని విడివిడిగా అడిగాను. ఎక్సెల్ ఫైలుగా కావాలని కూడా రాశాను. కారణం మాత్రం రాయలేదు. సెక్షన్ 6(2) ప్రకారం అది చెప్పనక్కర్లేదు.

చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు ముగిసే ముందు స్కాన్ చేసిన పేజీలు వచ్చాయి. కొన్ని నెలల అంకెలు చెరిగిపోయినట్టున్నాయి. 30 రోజుల్లోపే మొదటి అప్పీలు వేశాను. మరీ ఎక్కువ వనరులు ఖర్చయితే తప్ప, అడిగిన రూపంలోనే సమాచారం ఇవ్వాలని సెక్షన్ 7(9) చెబుతుంది. దానితోపాటు 2012 నాటి జాతీయ డేటా షేరింగ్ విధానాన్నీ ఉదహరించాను. అది కేంద్ర శాఖల కోసం చేసిందే అయినా, ప్రజల డబ్బుతో సేకరించిన లెక్కలు కంప్యూటర్ చదవగలిగే రూపంలోనూ ఉండాలన్న మాట అందులో ఉంది. విచారణ రోజున అసలు ఫైలు ఆఫీసు కంప్యూటర్లోనే ఉందని తేలింది. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. అక్కడి టెక్నికల్ ఉద్యోగి ఒకాయన దగ్గర కూర్చోబెట్టుకుని, మీటర్ల అంకె పెరిగితే నీళ్లు లోతుకు దిగిపోయినట్టని ఓపిగ్గా చూపించాడు.

అసలు కష్టం ఊళ్లో మొదలైంది. ఫిజోమీటర్ లెక్కకు మా బోర్ల లెక్క కూడా తోడైతేనే నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్లెన్ని, ఏ పైరుకు ఎన్ని అనే లెక్క, వేయగలం. 2000ల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే చూసుకునే భూగర్భ జల వ్యవస్థ) అనే పథకం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల మట్టం, వాన కొలుచుకుని పైర్లు నిర్ణయించుకున్నారు. అందులో పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చి మా పిల్లోళ్లకు నేర్పారు. మోటారు ఆపి కొన్ని గంటలు ఆగాలి. తర్వాత టేపు దించితే నీటిని తాకగానే బీప్ వస్తుంది.

అప్పుడు మా చిన్నాయన అడ్డం తిరిగాడు. “నా బోర్లో నీళ్లు లేవని పంచాయతీ గోడ మీద రాస్తే, రేపు చేను అమ్ముకోవాలంటే ఎవడు కొంటాడు రా?”

ఆయన భయం నిజమైనదే. ప్రజల డబ్బుతో కొలిచిన మట్టం అందరిదీ. రైతు అప్పు చేసి వేసుకున్న బోరు లెక్క మీద మొదటి మాట మాత్రం ఆ రైతుదేనని నేను గట్టిగా నమ్ముతాను. సంఘంలో కూర్చుని తీర్మానం రాసుకున్నాం. ఒక్కో బోరు అంకె ఆ రైతు దగ్గర, సంఘం రిజిస్టర్లో మాత్రమే ఉంటుంది. బోర్డు మీద వంక వైపు, గుట్ట వైపు అని రెండు గుంపుల లెక్కే రాస్తాం. బయటివాళ్లు ఎవరడిగినా, ఎందుకో రాసిచ్చి సంఘం ఒప్పుకుంటేనే ఇస్తాం. ఆ తర్వాత చిన్నాయనే తన బోరు దగ్గరికి పిల్లోళ్లను పిలిచాడు.

బోర్డు చూశాక గుట్ట వైపు కొందరు వరి మాని సెనక్కాయకు స్ప్రింక్లర్లు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆఫీసుకు ఇంకో లేఖ పెట్టాం. సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకుండానే ఈ ఫైలును నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టాలనీ, ఒక కాపీ పంచాయతీకి పంపాలనీ అడిగాం.