టీవీకి గోడ కుదిరిన వైనం

మా హాల్లో టీవీ చోటు ఇల్లు కట్టినప్పుడే ఖాయమైపోయింది. పడమటి గోడకు మామయ్యగారు ముచ్చటపడి చేయించిన టేకు షోకేసు, దాని నడుమ పాత డబ్బా టీవీ కోసం వదిలిన మూడడుగుల గూడు. కొత్తగా కొన్న 43 అంగుళాల టీవీ అందులో పట్టలేదు. ఆ 43 మూల నుంచి మూలకు ఏటవాలుగా కొలిచే లెక్క. అడ్డంగా దాదాపు 38 ఉంటుంది. రెండంగుళాల కోసం టేకు కోయించడానికి మామయ్యగారు ససేమిరా అన్నారు. నాకు కావలసిందీ అదే.

ఆ గోడంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. మాది శ్రీకాకుళంలో తూర్పు ముఖం ఇల్లు. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని జనం చీకటితోనే బారులు తీరతారు. మా ఇంట్లో ఆ భాగ్యం టీవీకి వరుసలో నిలబడకుండానే దక్కేది. తలుపు తీస్తే తెర మీద వీధి, ఎదురింటి గేటు, పాలవాడి సైకిలు అన్నీ కనిపించేవి, వార్తలు చదివే మనిషి తప్ప.

మావారు తూర్పు గోడ అన్నారు, కిటికీ పక్కన. తెర మీద వెలుగు పడదు, నిజమే. కానీ చూసేవాళ్ల కళ్లలో పడుతుంది. నేను బీరువా లోపలి అద్దం ఊడదీయించి ఒక్కో గోడకూ ఆనించి పట్టుకోమన్నాను. మనం కూర్చునే చోటు నుంచి ఆ అద్దంలో కిటికీ కనిపించిందా, రేపు టీవీలోనూ కనిపిస్తుంది. దక్షిణపు గోడ మీద మాత్రం ఎదుటి గోడా, క్యాలెండరూ కనిపించాయి. కిటికీలకు అడ్డంగా ఉండే గోడకు ఆ సుఖం ఉంది. మే, జూన్ నెలల్లో సూర్యుడు ఈశాన్యానికి జరిగి పొద్దున్నే కాస్త ఏటవాలుగా కొడతాడు; దానికి కర్టెన్ చాలు.

"కరెంటు వస్తువు, ఆగ్నేయంలో పెట్టండమ్మా" అన్నారు మామయ్యగారు. దక్షిణపు గోడకు తూర్పు కొస ఆగ్నేయమే కాబట్టి ఆ వైపుకు కొంచెం జరిపి ఆయన మాటా నిలబెట్టాను. వాస్తు ఇంత సులువుగా కలిసిరావడం మా ఇంట్లో అరుదు.

అసలు తగవు ఎత్తు దగ్గర వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఐదడుగుల ఎత్తున గుర్తు పెట్టాడు, "అందరూ అలాగే పెట్టించుకుంటారు మేడమ్" అంటూ. అది నిలబడి చూసేవాళ్లకు. మా ఇంట్లో ఎక్కువసేపు టీవీ చూసేది అత్తయ్యగారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ వంటగది గుమ్మం పక్కన ఉన్న దివాన్ దాటి రారు. అందుకే ఆవిడను అక్కడ కూర్చోబెట్టి, నేల నుంచి కంటి వరకు టేపుతో కొలిచాను. మూడున్నర అడుగులు కూడా లేదు. తెర నడిమి భాగం ఆ ఎత్తుకు రావాలన్నాను. టీవీ సైజుకు పాత పేపర్లు కత్తిరించి గోడకు అతికించాం. "మెడ ఎత్తక్కర్లేదే, బాగుంది" అని అత్తయ్యగారు తేల్చేశారు. దివాన్ నుంచి గోడకు సుమారు ఏడడుగులు. తెర కొలతకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం ఉంటే కంటికి హాయి అంటారు, ఆ లెక్కకూ సరిపోయింది.

స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన డ్రిల్లు పెట్టనివ్వలేదు, గోడలో వైర్ల పైపు అటే వెళుతుంది. సెట్‌టాప్ బాక్సును టీవీ వెనక దాచేద్దామన్నాడు కుర్రాడు. రిమోట్ కిరణానికి బాక్సు ఎదురుగా ఉండాలి కదా, కింద చిన్న చెక్క వేయించాను. ప్లగ్గు మాత్రం టీవీ చాటున కాకుండా పక్కకు, నడుము ఎత్తులో పెట్టించాను. మా వైపు పిడుగులు ఎక్కువ. ఉరుములు మొదలవకముందే, ఇంట్లో ఒంటరిగా ఉన్నా అత్తయ్యగారు వంగకుండా, ఎవరినీ పిలవకుండా ప్లగ్గు లాగేయగలగాలి. ఈమధ్య వాన మబ్బు కనిపించగానే లాగేస్తున్నారు, మావారి క్రికెట్ మధ్యలో ఉన్నా సరే.