ఫ్రీస్టైల్ ఛాంపియన్, బ్రెస్ట్‌స్ట్రోక్ కోచ్

మెల్ మార్షల్ అనగానే నాకు ఆమె పతకాల కన్నా కోచింగే ముందు గుర్తొస్తుంది. బ్రిటన్ తరఫున 2004, 2008 ఒలింపిక్స్‌లో ఈదింది. 2004లో ఏథెన్స్‌కు వెళ్లేసరికి 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో (చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత) ఆ ఏడాది అత్యుత్తమ టైమింగ్ ఆమెదే, అయినా ఫైనల్‌కు చేరలేకపోయింది. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో మాత్రం ఆరు పతకాలు.

తర్వాత ఇంగ్లండ్‌లోని డెర్బీలో కోచ్‌గా ఈతగాడు ఆడం పీటీని తీర్చిదిద్దింది. అదీ తనది కాని బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, అంటే కప్పలా చేతులు, కాళ్లు కదిపే ఈతలో! రియో 2016 ఒలింపిక్స్‌లో పీటీకి 100 మీటర్లు 57.13 సెకన్లలో, ప్రపంచ రికార్డుతో స్వర్ణం. టోక్యోలో మళ్లీ స్వర్ణం.

తనది కాని ఈత నేర్పడం ఎంత కష్టమో నేర్పేవాళ్లకే తెలుసు. ఫ్రీస్టైల్‌లో చెయ్యి తొడ దాకా నీటిని నెడుతుంది. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మోచేతులు భుజాలు దాటి వెనక్కి పోతే చేతులు ముందుకు రావడం ఆలస్యమై, నడుము కిందికి దిగిపోతుంది. కిక్‌లో ఇంకా పెద్ద చిక్కు. మోకాళ్లను పొట్ట కిందికి లాక్కుంటే తొడలు నీటికి అడ్డుగోడలై వేగం చచ్చిపోతుంది. మడమలను పిరుదుల వైపు తెచ్చి, పాదాలు బయటికి తిప్పి తన్నాలి. మోకాళ్లు మరీ విచ్చుకుంటుంటే తొడల మధ్య పుల్ బాయ్ (నీటిపై తేలే ఫోమ్ ముక్క) పెట్టి 25 మీటర్ల చొప్పున ఎనిమిదిసార్లు కిక్ మాత్రమే చేయించండి. అది జారిపోయిన ప్రతిసారీ తప్పెక్కడో పిల్లలకే అర్థమవుతుంది. మోకాలి లోపలివైపు నొప్పి అంటే మాత్రం ఆ రోజుకి కిక్ ఆపేయాల్సిందే, బతిమాలినా ఒప్పుకోవద్దు.