తంగేడు మీద తుమ్మెద, జిల్లేడు మీద సీతాకోకచిలుక

పూల మీద పురుగుల ఫొటోలకు నర్సరీల చుట్టూ తిరగనక్కర్లేదు. కడప, అనంతపురం పక్క రోడ్డు వారన, చేను గట్ల మీద ఎవరూ నీళ్లు పోయని తంగేడు, జిల్లేడు చాలు. కుండీల్లో పూలు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి మీద వాలేవి తక్కువ.

ఇక్కడ అసలు చిక్కు గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! జూన్ నుంచి ఆగస్టు దాకా కొమ్మ నిలవదు. వానలు పడ్డాక, అక్టోబరు నుంచి జనవరి దాకా, పొద్దున ఎనిమిదిన్నర లోపు తీసుకోవడం మేలు. అప్పటికీ కొమ్మ ఊగుతుంటే పక్కన ఒక పుల్ల గుచ్చి, బట్టల క్లిప్పుతో కాడను దానికి పట్టించండి.

తంగేడు పువ్వులో తేనె కోసం వెతకొద్దు. తుమ్మెద వచ్చేది పుప్పొడికే. కేసరాల కొనల్లో చిన్న రంధ్రాలుంటాయి. తుమ్మెద వాటిని కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా అదిరిస్తుంది, పొడి జల్లుమని రాలుతుంది. ఎగిరేటప్పటి మోతకీ దీనికీ తేడా ఉంటుంది, ఇది సన్నగా, కీచుగా వినబడుతుంది. ఆ శబ్దం వినగానే నొక్కాలి, చూసి నొక్కుదామంటే అయిపోతుంది.

చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే 100 మి.మీ. మాక్రో లెన్సు పెట్టి, ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ 1/200 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 200తో మొదలుపెట్టండి. ఫ్లాష్ పవర్ 1/16 లేదా ఇంకా తక్కువ పెడితే వెలుగు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, కదలిక ఆగినట్టు వస్తుంది. ఫ్లాష్ నేరుగా కొడితే మాత్రం తుమ్మెద నల్లటి వీపు అద్దంలా మెరిసి తెల్లటి మచ్చ పడుతుంది. బటర్ పేపరు రెండు పొరలు వెడల్పుగా కట్టి, పురుగుకు వీలైనంత దగ్గరగా తేవాలి. దీపం ఎంత పెద్దగా కనిపిస్తే మెరుపు అంత మెత్తగా ఉంటుంది.

పురుగు సైజు సెన్సర్ మీద ఉన్నదున్నట్టు పడేంత దగ్గరగా తీస్తే, ఫుల్‌ఫ్రేమ్‌ (పెద్ద సెన్సర్) కెమెరాలో ఎఫ్/11 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అలాగని ఎఫ్/22కి పోతే బొమ్మంతా మసకబారుతుంది. తుమ్మెదకు కన్ను మీద ఫోకస్ పెట్టండి. రెక్కలు ముడిచిన సీతాకోకచిలుకకైతే కెమెరా వెనక పలక రెక్కకు సమాంతరంగా ఉండాలి.

జిల్లేడు మీద నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక నిదానంగా ఎగురుతుంది. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న జిల్లేడాకు విషం ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పెద్దగా రావు. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి మోడల్ లేదు. జిల్లేడుకు వచ్చే తుమ్మెద కాళ్లను కూడా పెద్దది చేసి చూడండి, పసుపుపచ్చటి పుప్పొడి మూటలు వేలాడుతుంటాయి. కొమ్మ విరవొద్దు. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, చేతులు కడుక్కోకుండా వ్యూఫైండర్‌కు కన్ను ఆనించొద్దు.

ఎర్ర మందారానికి మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగుల పంపకం చూపే కెమెరా గ్రాఫు) మోసం చేస్తుంది. మొత్తం వెలుగు సరిగానే ఉన్నట్టు చూపిస్తుంది, లోపల ఎరుపు ఒక్కటే పొర్లిపోయి రేకు గీతలు మాయమవుతాయి. మూడు రంగులవీ విడిగా చూసి, వెలుగు 0.7 స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించి, కెమెరా మార్పులు చేయని రా ఫైల్‌లో తీయండి.

ఫోన్‌కు పెట్టే క్లిప్ లెన్సులకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోవాలి, తుమ్మెద అంతదాకా ఆగదు. పూలలో పొంచి ఉండే పీత సాలీళ్లు, జిల్లేడాకు మీది చారల గొంగళిపురుగులు అయితే కదలకుండా ఉంటాయి, మీ నీడ పడకుండా చూసుకుంటే చాలు.