ముందు చక్రం పట్టేసింది: కాలిపర్ విప్పిన మూడు ఆదివారాలు

మొదటి ఆదివారం. సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం నుంచి ఒంగోలుకు రోజూ తిరిగే పాత 150 సీసీ బండి. నెల నుంచి మైలేజీ పడిపోయింది, తోస్తే బరువుగా కదులుతోంది. నేను కార్బురేటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా. మొన్న ఇంటికొచ్చాక ముందు డిస్కు మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే పెనం మీద పడ్డట్టు చుయ్యిమన్నాయి. బ్రేకు వదలడం లేదు.

డిస్కుని రెండువైపులా నొక్కే ప్యాడ్లు తీసి చూస్తే, వాటిని నెట్టే పిస్టన్ వైపుది రేకు దాకా అరిగింది, అవతలిది సగం అలాగే ఉంది. ప్యాడ్లని, పిస్టన్‌ని పట్టుకునే కాలిపర్‌లో ఏదో పట్టేసిందని అక్కడే అర్థం కావాల్సింది. కొత్త ప్యాడ్లు వేసి పనైపోయిందనుకున్నా. బుధవారానికి మళ్లీ అదే కథ.

రెండో ఆదివారం. కర్నూలు రోడ్డులో ఒక షాపులో అడిగితే, లీవర్ దగ్గర బ్రేక్ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ మొత్తం మార్చమన్నారు. కొనేముందు ఒక పరీక్ష చేశా. ముందు చక్రం గాల్లోకి లేపి, లీవర్ నాలుగైదు సార్లు నొక్కి వదిలా. చక్రం పట్టేసింది. అప్పుడు కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌ని కొంచెం వదులు చేశా. చక్రం ఫ్రీ అయితే ప్రెషర్ పైన చిక్కుకున్నట్టు, అంటే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కొచ్చే సన్నని రంధ్రమో, ఆయిల్ కిందికి తెచ్చే గొట్టం, అదే హోసో మూసుకుపోయినట్టు. నాకు రెండు చుక్కలు కారాయి, చక్రం మాత్రం కదల్లేదు. తప్పు కాలిపర్‌లోనే ఉంది. సిలిండర్ డబ్బులు మిగిలాయి.

కాలిపర్ జరిగే రెండు పిన్నుల్లో ఒకటి చేత్తో వచ్చేసింది. రెండోదాన్ని ప్లయర్‌తో మెలితిప్పి లాగాల్సి వచ్చింది. ఎవరో ఎప్పుడో మామూలు బేరింగ్ గ్రీజు పెట్టారు. దానికి రబ్బరు బూటు ఉబ్బి పిన్నును పట్టేసింది. ఇక్కడ సిలికాన్ గ్రీజే వాడాలి. పిన్ను తుప్పును ఉప్పు కాగితంతో రుద్దా. ఉప్పుగాలి తెచ్చిన తుప్పుకి ఉప్పు కాగితమే మందు!

పిస్టన్‌ని హోస్ విప్పకముందే, మధ్యలో చెక్కముక్క అడ్డం పెట్టి, లీవర్ నొక్కుతూ బయటికి తెచ్చా. హోస్ విప్పాక దాన్ని లాగడం నరకం. పిస్టన్‌ని వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగేమీ ఉండదు. నలుచదరపు అంచున్న సీల్ రింగు బ్రేకు నొక్కినప్పుడు కొంచెం మెలిపడి, వదిలినప్పుడు మామూలు కావడంలోనే పిస్టన్ వెనక్కొస్తుంది. ఆ రింగు కూర్చునే గాడిలో అల్యూమినియం తినేసిన తెల్లటి పొడి పేరుకుపోయి, రింగును పిస్టన్ మీదికి నొక్కేస్తోంది. స్క్రూడ్రైవర్ పెడితే గాడి చెడుతుందని వెదురుపుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో గంటన్నర గీకా. పిస్టన్ మీద గోరు పెట్టి జరిపితే ఎక్కడా తగల్లేదు. పొక్కులుంటే పిస్టనే మార్చాలి.

మూడో ఆదివారం. కొత్త సీళ్లకు బ్రేక్ ఆయిల్ రాసి బిగించా. ఆయిల్ డాట్ 4 రకం. కొత్తది మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర, తేమ పీల్చుకున్నాక అది 155 దాకా దిగొచ్చు. అందుకే చిన్న డబ్బానే కొన్నా, మూత తీసింది దాచలేదు.

ఆయిల్‌లో చిక్కుకున్న ఎయిర్ తీయడానికి బావని పిలిచా. "నొక్కి పట్టుకో బావా, నే చెప్పిందాకా వదలమాక." నిపుల్ తెరువు, బుడగలు రానీ, మూసెయ్, అప్పుడు వదులు. ఇరవైసార్లయినా లీవర్ మెత్తగానే ఉంది. "ఇంకెంతసేపురా, చెయ్యి పీకుతోంది" అన్నాడు. లీవర్‌ని రబ్బరుతో కట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి గట్టిపడింది.

ఇప్పుడు చేత్తో తిప్పితే చక్రం రెండు చుట్లు తిరుగుతోంది. ఒంగోలు వెళ్లొచ్చాక డిస్కు మీద వేలు పెట్టగలిగా. ట్యాంకు మీద పడ్డ ఒక్క ఆయిల్ చుక్కని వెంటనే నీళ్లతో కడగలేదు. అక్కడ పెయింటు లేచిపోయింది.