30-40 సైటులో గ్యారేజీ: కారు పోగా యెజ్డీకి మిగిలే చోటు

ఉగాది తర్వాత

బెంగళూరులో హొరమావు దాటాక మా సైటు. 30-40, అంటే ముప్పై అడుగుల వెడల్పు, నలభై పొడవు. తూర్పు ముఖం. మన లెక్కలో 133 గజాలు. ఇక్కడి మేస్త్రిలకు మాత్రం కట్టుబడి అంతా చదరాల్లో చెప్పాలి, చదరం అంటే వంద చదరపు అడుగులు. కింద పార్కింగ్, పైన ఇల్లు. ఆర్కిటెక్ట్ ఇచ్చిన మొదటి డ్రాయింగులో ఒక కారు బొమ్మ పెట్టి, దాని చుట్టూ ఎనిమిదిన్నర బై పదిహేను అడుగుల గీత గీశారు. కారు చక్కగా పట్టింది. తలుపులన్నీ మూసి, లోపల మనిషి లేకుండా.

నాకు కావలసింది కారు నిలబెట్టే చోటు ఒక్కటే కాదు. దాని ముందు నా పాత మోటారుసైకిలు, యెజ్డీ రోడ్‌కింగ్, విప్పుకుని పని చేసుకోవాలి. ఆ బండి ప్రస్తుతం అద్దె ఇంటి బాల్కనీలో అట్టపెట్టెల్లో ఉంది. దాన్ని తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి దొరికిన పార్టు దొరికినప్పుడే, విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో కొని దాచుకోవాలి. అంటే అరలకీ చోటు లెక్కవేయాలి.

కొలతల సంగతి

మా కారు స్విఫ్ట్. పొడవు 3,860 మి.మీ., వెడల్పు 1,735. అడుగుల్లో 12 అడుగుల 8 అంగుళాలు, 5 అడుగుల 8 అంగుళాలు. కంపెనీ ఇచ్చే వెడల్పులో పక్క అద్దాలు ఉండవు, అవి కలిపితే ఇంకా పెరుగుతుంది. మా ఆవిడ ఒకటే మాట అంది, “ఏమండీ, ఇల్లు ముప్పై ఏళ్లుంటుంది, ఈ కారు ఉంటుందా?” నిజమే. అందుకని క్రెటా సైజు కారుకి లెక్క కట్టాను. 4,330 బై 1,790 మి.మీ., అంటే సుమారు 14 అడుగుల 3 అంగుళాలు, 5 అడుగుల 10 అంగుళాలు.

వెడల్పు తేల్చడానికి అద్దె ఇంటి పార్కింగులోనే సుద్దముక్కతో గీతలు గీసి, స్విఫ్ట్ మధ్యలో పెట్టి తలుపులు తెరిచి చూశాం. కారు తలుపు తెరుస్తుంటే మధ్యలో ఒకచోట ‘టక్’మని ఆగుతుంది. నేనైతే ఆ సందులోంచే దిగిపోతాను. నాన్న అలా దిగలేరు. మోకాళ్ల నొప్పులు. ముందు రెండు కాళ్లూ బయట పెట్టి, తలుపు పైఅంచు పట్టుకుని లేస్తారు. ఆయన కూర్చునేది ముందు ఎడమ సీట్లో. వానలో గేటు బయట దింపి లోపలికి రమ్మనలేం కదా. కాబట్టి ఎడమ పక్క 2 అడుగుల 3 అంగుళాలు. కుడి పక్క, అంటే డ్రైవరు వైపు, 3 అడుగులు, ఎందుకంటే కారు లోపల ఉండగానే యెజ్డీని తోసుకుంటూ తీసుకెళ్లాల్సిన దారి కూడా అదే. హ్యాండిల్ ఆ సందులో పట్టాలి. మొత్తం 11 అడుగుల చిల్లర. 11 అడుగుల 3 అంగుళాలు ఖాయం చేశాను. ఇది ప్లాస్టరింగ్ అయ్యాక మిగలాల్సిన కొలత. డ్రాయింగులో ఉండేది ఇటుక నుంచి ఇటుకకి. రెండు పక్కలా పూత మందం తీసేస్తే అంగుళంన్నర దాకా పోతుంది, అందుకే కాగితం మీద 11-5 వేయించాను.

పొడవుది వేరే కథ. కారుకి 14-3. కారు ముక్కుకీ బండికీ మధ్య ఒక అడుగు. అడ్డంగా నిలబెట్టిన బండికి రెండున్నర. నేను స్టూలు వేసుకుని కూర్చునేందుకు ఇంకో రెండున్నర. వెనక గోడకి ఆనించి రెండడుగుల వెడల్పు పని బల్ల. మొత్తం 22 అడుగుల 3 అంగుళాలు. ఇందులో ఎక్కడ కోసినా ఆ కోత చివరికి స్టూలు మీదే పడుతుంది, కారు జరగదు కదా.

బండి ఎటు చూస్తూ నిలబడాలన్నది నేను బాగా ఆలోచించిన విషయం. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకటే లివరు, ఎడమ పక్కన. సగం పని ఆ పక్కే ఉంటుంది. బల్ల పడమటి గోడకి కాబట్టి ఎడమ పక్క బల్ల వైపు తిరగాలంటే బండి ముఖం ఉత్తరానికి పెట్టాలి. అలా పెడితే రెండు సైలెన్సర్లూ దక్షిణం గోడకి, సెట్‌బ్యాక్ (ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలే ఖాళీ) వైపు తిరుగుతాయి. ఆ గోడకే జాలీ (గాలి ఆడే కన్నాల దిమ్మె) పెట్టిస్తే టూ స్ట్రోక్ పొగ నేరుగా బయటికి పోతుంది. మేస్త్రి అలవాటు ప్రకారం వెంటిలేటరు పైన ఒక్కటే గుర్తు పెట్టాడు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. కింద కూడా ఒక జాలీ కావాలని చెప్పాను. “పిల్లులొస్తాయి సార్” అన్నాడు. మెష్ కొట్టిద్దాం అన్నాను.

స్తంభాలు ముగ్గుతో గుర్తు పెట్టిన రోజు

డ్రైవరు పక్కన వచ్చే మధ్య స్తంభం సరిగ్గా ముందు తలుపుకి ఎదురుగా పడింది. స్తంభాల మధ్య దూరాలు (గ్రిడ్) చూసుకున్న ఇంజనీరు తప్పేం లేదు, ఆయన కాగితంలో తలుపు లేదు. కారు ముక్కు నుంచి నాలుగడుగుల లోపు, బానెట్ పక్కన, స్తంభం ఉంటే ఎవరికీ అడ్డు కాదు. వెనక చక్రం పక్కన ఉన్నా ఫర్వాలేదు. స్తంభం జరిపితే బీము పొడవు మారుతుంది, స్టీలు పెరుగుతుంది. అయినా ఆయన లెక్క మళ్లీ వేసి, పడమటికి జరిపి బానెట్ దగ్గరికి తెచ్చారు. పునాది గుంత తవ్వాక ఈ మాట అడిగే వీలు ఉండదు.

సంపు

నేల కింది నీళ్ల తొట్టి ఇది. వాస్తు ప్రకారం ఈశాన్యంలోనే. తూర్పు సైటుకి అది ముందు మూలే కాబట్టి కారు ఆగ్నేయానికి వెళ్లింది, గొడవ లేదు. బెంగళూరులో చాలా ఇళ్లలో సంపు మూత కారు కిందే ఉంటుంది. ట్యాంకరు వచ్చినప్పుడల్లా కారు తాళంచెవి కోసం పైకి కేక వేయాలి. మాది 8 బై 5, లోతు 6 అడుగులు. పైన అర అడుగు ఖాళీ వదిలినా 6,200 లీటర్లు పడతాయి, అంటే ఆరు వేల లీటర్ల ట్యాంకరు ఒక్క విడతలో దిగిపోతుంది. 30-40 కొత్త ఇంటికి ఇక్కడ వాననీటి ఏర్పాటు తప్పనిసరి. పైకప్పు పైపు దిగే మూల కూడా ఇప్పుడే చూసుకుని కారు దారిలో లేకుండా పెట్టాం.

జూన్, మొదటి పెద్ద వాన

ఖాళీ సైటులోకి రోడ్డు నీళ్లు ఎంత వచ్చాయో గొడుగు వేసుకుని వెళ్లి చూసొచ్చాను. ఈ ఊళ్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతారు, మన గడప కిందికి పోతూ ఉంటుంది. నేలని రోడ్డు కన్నా 9 అంగుళాలు ఎత్తుకి ఖాయం చేశాను. ఇంకా ఎత్తు చేద్దామంటే ర్యాంపు పొడవు చాలదు. 9 అంగుళాలకి ఆరుకి ఒకటి వాలు చొప్పున నాలుగున్నర అడుగులు కావాలి, ముందు ఖాళీలో అది సరిపోతుంది. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ., పైఅంచు కాస్త గుండ్రంగా తీస్తే పొట్ట తగలదు. ర్యాంపు కింద, గేటు దగ్గర అడ్డంగా జాలీ కాలువ.

ర్యాంపు వల్ల గేటు మారిపోయింది. లోపలికి తెరుచుకునే రెక్కల గేటు వేస్తే, ఎత్తెక్కుతున్న నేలకి కిందిఅంచు తగిలి ఆగిపోతుంది. బయటికి తెరిస్తే రోడ్డు మీదికి వస్తుంది. కాబట్టి స్లైడింగ్ గేటే. అది జరగడానికి తన వెడల్పంత గోడ పక్కన కావాలి, ఉత్తరం వైపు ఉంది. ఆ గోడ అయ్యాక మనుషుల గేటు. ట్యాంకరు పైపూ అందులోంచే.

ఇప్పుడు

ప్లింత్ బీము (నేల మట్టం దగ్గర వేసే దూలం) అయింది. వచ్చే పని స్లాబు, దానికి ముందే తేలాల్సినవి ఇవి. బల్ల మీద ఒకటి, కారు రెండు పక్కలా ఒక్కొక్కటి ట్యూబులైట్. కారు నడినెత్తిన వేస్తే వెలుగు టాపు మీద పడి, పని చేసే చోట నీడ మిగులుతుంది. సాకెట్లు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో, కంప్రెసరుకి 16 ఆంపియర్లది విడిగా. ఎలక్ట్రిక్ కారు కొంటామో లేదో గానీ మీటరు నుంచి కారు దాకా ఖాళీ పైపు వేయిస్తున్నాను. 7.2 కిలోవాట్ల చార్జరుకి 32 ఆంపియర్ల సొంత లైను కావాలి, తర్వాత గోడ కొట్టించడం నా వల్ల కాదు.

బల్ల పైన బీములో ఉయ్యాల కొక్కెం లాంటిది ఒకటి అడిగాను, చైన్ పుల్లీ తగిలించడానికి. బరువెంతో చెబితేనే రాడ్డు సైజు చెబుతానన్నారు ఇంజనీరు. పై అంతస్తు బాత్రూం పైపులు బల్ల మీదుగా రాకుండా ప్లంబరుతో ఈ వారం కూర్చోవాలి.

నేల ఇంకా తేలలేదు. కారు కింద పార్కింగ్ టైల్సు సరే. బల్ల దగ్గర కడప బండ వేద్దామని నాన్న పట్టు, నలుపు కాబట్టి ఆయిలు మరక కనిపించదని. కానీ అది సున్నపురాయి, బ్యాటరీ యాసిడ్ చుక్క పడితే తెల్లగా తినేస్తుంది. నా ఓటు మామూలు కాంక్రీటుకే, పైన హార్డనర్ (నేలని గట్టిపరిచే పొడి) చల్లించి. జూలై రెండో ఆదివారం జావా–యెజ్డీ బండ్ల వాళ్ల కలయికలో పాత మెకానిక్కులు కలుస్తారు, వాళ్ల షెడ్లలో నేల ఏం వేసుకున్నారో అడిగాకే మేస్త్రికి చెబుతాను.